ఏ చెట్టు? ఎవరి చెయ్యి?

మా అత్త కనకవ్వకు కోపం వస్తే వాడకట్టంతా తెలుస్తుంది. నాకు కోపం వస్తే మా ఆయన జలపతికి ఒక్కడికే తెలుస్తుంది, ఎందుకంటే ఆ పూట కూరలో ఉప్పుండదు. అలాంటి నేను కల్లు సంఘం మీటింగులో, అంతమంది మగవాళ్ల ముందు నిలబడి గొంతు చించుకున్నానంటే సంఘం పెద్ద కొడుకు శ్రవణ్ నన్ను ఎంత ఉడికించి ఉంటాడో మీరే అనుకోండి.

మాది సారంగాపూర్ దాటాక వాగు పక్కన ఉండే ఊరు. గౌండ్లోళ్లం. జలపతి తాడెక్కి, అంటే తాటిచెట్టెక్కి, కల్లు గీస్తాడు, నేను మండువలో కూర్చుని అమ్ముతాను. మండువంటే మరేం కాదు, తాటిచెట్ల కింద ఇంత నీడ, కూర్చోవడానికి బండలు, కల్లు పోసి పెట్టే గోలెం, దాని పక్కన నేను. జగిత్యాలలో డిగ్రీ చదివాను. "డిగ్రీ జేసి కల్లమ్ముడేందే" అని చుట్టాలు మూతి విరుస్తారు. అమ్ముతున్నాను, అయితే ఏంటట? తాగడానికి మాత్రం ఆ చుట్టాలే ముందుంటారు.

తెలియనివాళ్లకు కల్లంటే ఒక్కటే. తెల్లగా ఉంటుంది, నురుగొస్తుంది, అయిపోయింది. మా మామ బతికున్న రోజుల్లో మా మండువలో కాలానికొక కల్లు ఉండేది. చలి మొదలైతే ఈత కల్లు, పలుచగా, తియ్యగా. చలి తగ్గే వేళకు పోద్దాడు, అంటే మగ తాటిచెట్టుది. ఎండ పెరిగితే పరుపుదాడు, అదీ తాటిదే. ఎండలు ముదిరి, పండ్లు కాసే ఆడతాళ్లకు గెలలు దిగాక పండుదాడు. ఈ పండుదాడు తీరే వేరు. చిక్కగా ఉంటుంది. ముందు తీపి తగులుతుంది, మింగాక నాలుక చివర సన్నగా వగరు మిగులుతుంది. ఆ వగరు కోసమే సిరిసిల్ల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ఉన్నారు.

ఒక్కొక్కటే పోయాయి. ఈతవనం ప్లాట్లయింది. పోద్దాడు గీసే అన్నదమ్ములు దుబాయి పోయారు, ఇప్పుడు వాళ్ల చెట్ల కింద మేకలు పడుకుంటాయి. పరుపుదాడు గీసేవాళ్లు ఉన్నారు గానీ, దించింది దించినట్టు కోరుట్ల డిపోకు పోతుంది. అక్కడ అన్ని ఊళ్ల కల్లు ఒకే ట్యాంకులో పోసి, నీళ్లూ చక్కెరా కలిపి, సీసాల్లో నింపి మూత బిగించి, మళ్లీ మన ఊళ్లకే పంపుతారు. ఇంకేమైనా కలుపుతారా అంటే నేను చూడలేదు, చూడని మాట అనను. చివరికి మా ఊళ్లో ఉన్న చోటనే గీసి, ఉన్న చోటనే పోసే కల్లు పండుదాడు ఒక్కటే మిగిలింది. దాన్ని గీసేవాడు జలపతి ఒక్కడే మిగిలాడు.

అది కూడా ఆపేయాలని పెట్టిన మీటింగు అది.

సంఘం పెద్ద ఎల్లేశం మామ మా అత్తకు సొంత తమ్ముడు, జలపతి మామా అని పిలుస్తాడని నేనూ అలాగే పిలుస్తాను. ఆయన కొడుకే శ్రవణ్. హైదరాబాదులో బీరు కంపెనీలో నౌకరీ చేసి, ఈ మధ్యే కోరుట్ల డిపోకు మేనేజరై వచ్చాడు. నాకు వరసకు తమ్ముడవుతాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని, ఇంత బాధ ఉండేది కాదు.

ఆడవాళ్లు సంఘం గదిలోకి పోయే అలవాటు లేదు. కానీ జలపతి మాట్లాడే మనిషి కాదు కాబట్టి నేను పోయి గడప దగ్గర నిలబడ్డాను. శ్రవణ్ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి ఒక పాత ఫోటో చూపించాడు. పెద్ద పెద్ద పొగగొట్టాలు, పీపాలు ఎక్కించిన గుర్రపు బండ్లు, మోకాళ్ల దాకా తోలు గుడ్డలు కట్టుకున్న మనుషులు.

"గిది ఇంగ్లండుల ఒక పాత బీరు కంపెనీ," అన్నాడు. "నూరేండ్ల ముందట వీళ్లు ఎన్ని తీర్ల బీర్లు చేసెటోళ్లో ఎర్కేనా? లేత రంగుది ఒకటి, నల్లది ఒకటి, కూలోళ్లు తాగేది ఒకటి. గిదేగాక ఏడాది పొడుగు పీపాలల్ల వెట్టి ముదరవెట్టేది ఒకటి, మస్తు గాటు. మెల్లమెల్లగ జనం నోరు మారింది. ముదిరింది అడుగుడు తక్కువైంది. అంతల్నే పెద్ద యుద్ధమచ్చింది. గింజలకు కరువచ్చింది. సర్కారు పన్ను పెంచింది, గాటు తగ్గియ్యుమన్నది. అప్పుడు కంపెనోళ్లు ఏం జేసిండ్రు?"

తానే చెప్పాడు.

"రకాలు తగ్గించిండ్రు. బీరు పలుచగ జేసిండ్రు. యుద్ధం ఒడిసినంక గూడ పాత గాటు మళ్ల రాలే. తాగెటోళ్లు కొన్నొద్దులు మొత్తుకున్నరు, అటెన్క గదే తాగిండ్రు. కంపెనీ మాత్రం నిలవడ్డది. మనం గూడ గంతే. ఒక్క తీరు కల్లు, ఒక్క సీస, ఏడాది పొడుగు. పండుదాడు పండుదాడు అని కూసుంటె రేపు పొద్దుగాల సంఘమే ఉండది."

తలలు ఊపుతున్నారు. జలపతి తల దించుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"తమ్మీ, ఒక్క మాట," అన్నాను. "వాళ్లకు యుద్ధమచ్చింది. మనకేమచ్చింది? నువ్వచ్చినవ్."

గదంతా ఘొల్లున నవ్వింది. శ్రవణ్ కూడా నవ్వాడు, పాపం.

"గట్ల గాదక్కా, నేను చెప్పేది..."

"ఎట్ల గాదు? గా ఏడాది ముదరవెట్టే బీరు బందయిందన్నవ్ గదా. దాన్ని ఆఖరుకు చేసినాయన పేరేంది?"

వాడు తెల్లమొహం వేశాడు. "ఆయన పేరు ఎవలకెర్కక్కా? కంపెనీ పేరుంటది గని, పనోళ్ల పేర్లు ఎవలు రాస్తరు?"

"మరి నాకు ఆయన పేరే గావాలె. ఆయన ఏమన్నడో గావాలె. దాన్ని బందువెట్టిన కంపెనీ నిలవడ్డదని చెప్తున్నవ్, చేసిన మనిషి ఏమైండో చెప్పవైతివి!"

"జలపతీ!" అని ఎల్లేశం మామ గుడ్లురిమాడు. "ఆడిది సంఘంల మాట్లాడుడేందిరా? నీ పెండ్లాన్ని ఇంటికి తోల్కపో."

"తోల్కపోను నేనేమన్న బర్రెనా మామా?" అని అరిచాను. అరుపంటే అరుపు. బయట గోడ మీది కాకులు లేచిపోయాయి. "పొద్దుందాక మండువల కూసోని మీ సంఘం కల్లు అమ్మేది ఆడిది. తాగి పడిపోయినోని మీద నీళ్లు జల్లేది ఆడిది. మాట్లాడితె మాత్రం తోల్కపోవాల్నా? నేను పోను. ఏం జేసుకుంటరో చేసుకోండ్రి!"

పోలేదు కూడా. మీటింగు అయ్యేదాకా ఆ గడపలోనే నిలబడ్డాను. అయినా లాభం లేదు, అందరూ డిపోకే మొగ్గారు.

ఇంటికి వచ్చాక జలపతి ఒక మాట అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు, తను ఏదైనా నెమ్మదిగానే అంటాడు.

"నీకేందే రాధికా. కింద కూసోని అమ్ముతవ్. ఎక్కేది నేను."

నేను చేతిలోని చెంబు కింద పెట్టాను.

"మోకాళ్లు గుంజుతున్నయి. మొన్న గొల్లపల్లి దిక్కు ఒకాయన జారిపడి నడుమిరిగింది, ఇన్నవ్ గదా. శ్రవణ్ డిపోల పని ఇస్తనన్నడు. సీసలు బండ్లకెక్కించుడు. నేల మీద పని. నేలమీద పని నాకద్దా?"

అంతసేపు సంఘంలో అరిచిన నేను, ఎక్కేవాడి కాళ్లను ఒక్కసారైనా తలుచుకున్నానా? సిగ్గేసింది. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"వద్దంటె ఎక్కకు," అన్నాను. "నీ పాణం కన్న నాకు ఏ తాడు ఎక్కువ గాదు. గని ఒక్కటి చెప్పు. ఎక్కుడు ఇష్టం లేక దిగుతున్నవా, శ్రవణ్ చెప్పిండని దిగుతున్నవా?"

జలపతి లేచాడు. మోకు తీసుకెళ్లి దండేనికి తగిలించి పడుకున్నాడు. మోకంటే తాడెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే పగ్గం. ఆ రోజు నుంచి అది అక్కడే వేలాడింది. నేను ఊడ్చేటప్పుడల్లా దాన్ని చూసి మొహం తిప్పుకునేదాన్ని.

ఆ వారంలోనే సిరిసిల్ల నుంచి సాంబయ్య వచ్చాడు. పద్మశాలి, పెద్ద వయసు, సాంచెల మీద పనిచేస్తాడు. సిరిసిల్లలో కరెంటు మగ్గాలను సాంచెలంటారు. ఏటా పండుదాడు మొదలైందా లేదా చూసిపోవడానికి ముందొకసారి వస్తాడు. ఈసారి ఖాళీ గోలెం దగ్గర కూర్చున్న నన్ను చూసి నిలబడిపోయాడు.

"ఏమైంది బిడ్డా? ఇంక మొదలువెట్టలేదా?"

చెప్పాను. ఇంగ్లండు బీరు సంగతితో సహా అంతా చెప్పాను. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"గా ఇంగ్లండోళ్ల ముచ్చట మాకు కొత్తదా?" అన్నాడు. "మా నాయిన మగ్గం మీద దోతులు నేసెటోడు, తువ్వాలలు నేసెటోడు, అంచుచీరె నేసిండంటె పెండ్లిల సూసినోళ్లు గిది పలానాయన నేసిందని గుర్తువట్టెటోళ్లు. ఇప్పుడు నా సాంచె మీద పొద్దంత ఒక్కటే తెల్లగుడ్డ. అది ఎటు పోతదో నాకు ఎర్కలే. నేసింది సాంబయ్య అని కట్టుకున్నోనికి ఎర్కలే. తిండికైతె ఎల్తుంది బిడ్డా, కాదన. గని నేను సచ్చిపోతె గా సాంచె ఒక్క పూట గూడ ఆగది."

కోరుట్ల సీసా తెప్పించనా అంటే వద్దన్నాడు. మంచినీళ్లు తాగి పోయాడు. ఆయన పోయాక నాకు ఎందుకో ఆ తోలుగుడ్డ కట్టుకున్న ఇంగ్లండు మనిషి మళ్లీ మళ్లీ గుర్తుకొచ్చాడు. ఆఖరు పీపా మూత తీసిన రోజు ఆయన ఇంటికి పోయి పెళ్లాంతో ఏమన్నాడో, ఆ రోజు అన్నం తిన్నాడో లేదో. నాకెందుకో ఆ గోల, కానీ గుర్తుకొచ్చాడు.

ఇక ఇక్కడ మా కట్టుబాటు ఒకటి చెప్పాలి. మా ఊళ్లో సాక పోయని కల్లు అమ్మకూడదు. ప్రతి కాలంలోనూ దించిన మొదటి కల్లును ఎల్లమ్మ ముందు నేల మీద ధారగా పోస్తారు, అది సాక. ఈతకు చలికాలంలో పోసేవారు, అది ఆగిపోయి చాలా కాలమైంది. పండుదాడు సాక ఎల్లమ్మ పండుగ రోజే పోస్తారు. పోసే హక్కు మా ఇంటి ఆడవాళ్లది, అంటే ఇప్పుడు మా అత్తది. ఆమె చెయ్యి పోస్తేనే బోనాలు దిగుతాయి.

ఈ కట్టుబాటునే ఎల్లేశం మామ పట్టుకున్నాడు. పండుగ దగ్గర పడుతుండగా ఒక పొద్దున వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కా, ముసలోళ్లు కొందరు ఇంక గునుస్తున్నరు, సాక వోయని సీస కల్లు ఎట్ల అమ్ముతమని. ఈ పండుగకు నువ్వు గా సీసతోని సాక పొయ్యి. ఎల్లమ్మ తీసుకున్నంక కాదనెటోడు ఎవడు? నీ తమ్ముణ్ణి, అడుగుతున్న."

నేను తలుపు చాటు నుంచి మా అత్త వైపే చూస్తున్నాను. తిడుతుంది, చీపురు తీస్తుంది, తమ్ముడని కూడా చూడదు అనుకున్నాను. ఆమె నెమ్మదిగా తమలపాకు మడిచి నోట్లో పెట్టుకుంది.

"అడగక అడగక అడిగినవ్. సీస తీస్కరా, పట్టుకుంట," అంది.

పండుదాడుకు సాక పడకపోతే ఈ ఏడు అమ్మలేం. ఒక ఏడు గీయకుండా ఆపితే జలపతి మళ్లీ చెట్టెక్కడు. జలపతి ఎక్కకపోతే ఆ కల్లు ఇక ఉండదు, దాని రుచి చెప్పడానికి రేపు ముసలిదాన్నై నేనొకతిని మిగులుతాను.

రెండు పూటలు కూరలో ఉప్పు వేయలేదు. మూడో పూట మా అత్త కంచం జరిపింది.

"ఉప్పెయ్యవే తల్లీ. ముసలిదాన్ని, సప్పిడికూర తినలేను."

"ఎట్లొప్పుకున్నవత్తా? సీస ఎట్ల పోస్తవ్?"

"పట్టుకుంట అన్న. అంతే గదా అన్న. నువ్వు అన్నం దిను."

ఆమె ఏమనుకుంటోందో నాకు అర్థం కాలేదు. ఇంకా ఒళ్లు మండింది. ఉప్పు మాత్రం వేశాను.

జలపతి ఆ రోజుల్లో పొద్దున్నే "పొలం దిక్కు వోయస్త" అని వాగు వైపు వెళ్లేవాడు. కోతలైపోయిన పొలంలో చూడడానికి ఏముందని అడగాలని కూడా నాకు తోచలేదు. కోపంలో ఉన్న మనిషికి పక్కనున్నది కనపడదు. ఎవరినీ ఏమీ అడగకుండా నా మానాన నేను అంట్లు ధడధడ పెడుతూ ఉన్నాను.

పండుగ రోజు ఎండ నిప్పులు చెరిగింది. డప్పులు, జమిడిక, తలల మీద బోనాలతో ఆడవాళ్లు, అందరం ఎల్లమ్మ గుడి ముందు ఆగాం. గుడంటే చిన్నదే, వాగొడ్డున, పక్కనే మా పండుదాళ్లు. శ్రవణ్ కొత్త అంగీ వేసుకుని సీసా తెచ్చాడు, మూత తీసి వంగి మా అత్తకు అందించాడు. మా అత్త దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎల్లమ్మకు ఎదురుగా నిలబడింది. డప్పులు ఆగాయి.

సాక పోసేముందు ఒక మాట అనాలి. ఏ చెట్టుదో, ఎవరి చెయ్యి గీసిందో, ఊరంతా వినేట్టు గట్టిగా చెప్పి పోయాలి. మా మామ ఉన్నన్నాళ్లూ మా అత్త ఆయన పేరు చెప్పింది, ఆయన పోయాక కొడుకు పేరు. ఏడాది పొడుగునా ఎండలో చెట్లమీద ఉండే మనిషి పేరు ఊరి ముందు పలికేది ఆ ఒక్కసారే. మేము పుట్టినప్పటినుంచి వింటున్న మాట, డప్పుల మోత లాగా అదీ వచ్చి పోతుంది. అందుకే ఎల్లేశం మామకు గానీ, శ్రవణ్‌కు గానీ, చివరికి నాకు గానీ దాని సంగతే గుర్తు రాలేదు. మా అత్తకు గుర్తుంది.

ఆమె సీసా వంచలేదు. వెనక్కి తిరిగింది.

"ఏ చెట్టురా శ్రవణ్?"

వాడికి అర్థం కాలేదు. "ఏందత్తా?"

"తల్లికి చెప్పాలె గదరా. గిది ఏ చెట్టుది?"

"అది... అన్ని చెట్లదత్తా. డిపోల కలుపుతం గదా."

"ఎవలి చెయ్యి?"

శ్రవణ్ తండ్రి వైపు చూశాడు. ఎల్లేశం మామ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అక్కా, గందరి ముందట గిదేంది? అందరి చెయ్యి అని చెప్పి పొయ్యరాదు," అన్నాడు.

మా అత్త గొంతు తగ్గించలేదు. ఆమెకు ఆ అలవాటు లేదు.

"అందరంటె ఎవల్రా ఎల్లేశం? ఒక్కొక్కని పేరు చెప్పు, నిలవడి అన్ని పేర్లు పిలుస్త. పొద్దుగూకినా మంచిదే. ఏ ఊరోడు ఎక్కిండు, ఏ తాడెక్కిండు, ఎవని మోకాళ్లు కొట్టుకపోయినయి, చెప్పు!"

శ్రవణ్ సీసా మూతను వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"నువ్వడిగినవ్, సీస పట్టుకున్న. నా మాట తీరింది," అని మా అత్త సీసాను తమ్ముడి చేతిలో పెట్టింది. "పేరు చెప్పకుంట పోస్తె సాక గాదురా అది. పారవోసుడు. నేను పారవొయ్య."

ఎల్లేశం మామ మొహం నల్లబడింది. "మరి బోనాలెట్ల దిగుతయి? పండుగ ఆగమాగం జేస్తవా? ఏ కల్లున్నది ఊర్ల? నీ కొడుకే ఎక్కనన్నడు గదా!"

అది నిజమే. జలపతి వైపు చూశాను. ఒక్క మాట కూడా అనలేదు నేను, అనకూడదని పళ్లు బిగబట్టుకున్నాను, ఎందుకంటే ఎక్కేది ఆయన.

జలపతి డప్పుల వాళ్లను దాటుకుని ముందుకు వచ్చాడు.

"ఆగుండ్రి," అన్నాడు.

అంతే. పక్కనే ఉన్న వాగొడ్డు తాడు దగ్గరికి పోయి, మొదట్లో పొదలోంచి మోకు తీశాడు. పోయిన మా మామ మోకు. అటక మీద ఉందనుకుంటున్నాను నేను. నడుముకు వేసుకుని, చెట్టుకు దండం పెట్టి, ఎక్కడం మొదలుపెట్టాడు.

ఊరంతా తలలెత్తింది. బోనాలెత్తుకున్న ఆడవాళ్లు ఒక చేత్తో బోనం పట్టుకుని మరో చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. సగం దూరం పోయాక ఒకసారి ఆగాడు. మోకాలు పట్టుకున్నట్టుంది. "ఎల్లమ్మ తల్లీ, కొసెల్లియ్యి," అని నేను పైకే అనేశాను. మళ్లీ కదిలాడు.

అప్పుడు తట్టింది నాకు. తాడెక్కగానే కల్లు దొరకదు. గెలను రోజూ ఒత్తాలి, కొస సన్నగా గీయాలి, కల్లు పట్టే లొట్టి కుండ కట్టాలి, పొద్దూ మాపూ ఎక్కి చూస్తూ ఉండాలి. అలా కొన్నాళ్లు చేస్తే గానీ చుక్క దిగదు. మరి ఇప్పుడు ఈయన ఉత్త చేతులతో దేనికోసం ఎక్కుతున్నాడు? మట్టల్లోకి చెయ్యి పెట్టి జలపతి నల్లటి లొట్టి బయటికి తీసినప్పుడు నా నోట్లోంచి ఏడుపు వచ్చేసింది. పొలం దిక్కు వోయస్త, పొలం దిక్కు వోయస్త! దొంగముండాకొడుకు, ఒక్క మాట చెప్పలేదు నాతో.

దిగి వచ్చాడు. మోకాలి దగ్గర చర్మం లేచి రక్తం కనిపిస్తోంది. లొట్టి నిండా నురుగు, నురుగులో ఒకట్రెండు తేనెటీగలు. తల్లి చేతిలో పెట్టాడు. మా అత్త లొట్టిని ఎత్తి పట్టుకుంది.

"వాగొడ్డు పండుదాడు! జలపతి చెయ్యి! తల్లీ ఎల్లమ్మా, తీస్కో!"

ధార నేల మీద పడింది. డప్పులు ఒక్కసారిగా మోగాయి. బోనాలు దిగాయి.

ఇంటికి వచ్చి మోకాలికి పసుపు పెడుతూ తిట్టాను. తిట్టాల్సినన్ని తిట్లు తిట్టాక అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"నువ్వే అడిగినవ్ గదా," అన్నాడు, "ఇష్టం లేక దిగుతున్నవా అని. నాకు తెల్వలే. ఎక్కి సూసిన."

ఇక నేనేం తిడతాను?

అంతా మా వైపు తిరిగిందని చెప్పను. సంఘం డిపోతో సంతకం పెట్టింది. పరుపుదాడు ఇప్పటికీ కోరుట్ల ట్యాంకులోకే పోతుంది. ఎల్లేశం మామ మా ఇంటి ముందు నుంచి పోతే మొహం అటు తిప్పుకుంటాడు, మా అత్త కావాలనే గట్టిగా దగ్గుతుంది. జలపతి మునుపటిలా అన్ని తాళ్లు ఎక్కడు, కాళ్లు ఒప్పుకున్నన్ని ఎక్కుతాడు, తక్కినవి వదిలేశాడు. అయితే సాక పడ్డ కల్లు కాబట్టి పండుదాడు అమ్మొద్దని నాతో అనగల మొగోడు ఈ ఊళ్లో లేడు.

సాంబయ్య ఆ మరుసటి వారమే వచ్చాడు. సంగతి అప్పటికే సిరిసిల్లకు చేరింది. కల్లు తాగే తాటాకు రేక చేతిలో పట్టుకుని, నేను పోయబోతుంటే ఆగమన్నాడు.

"ఏ చెట్టు బిడ్డా? ఎవలి చెయ్యి?"

చెప్పాను. అప్పుడు రేక చాపాడు. పక్కన కూర్చున్నవాళ్లకు అది నచ్చింది, వాళ్లూ అడిగారు. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చినవాళ్లు అడిగారు. ఇప్పుడు మా మండువలో ఆ రెండు మాటలు అడగకుండా ఎవరూ రేక పట్టరు. కొందరు నవ్వులాటకు అడుగుతారు, అయినా నేను జవాబు చెప్పే పోస్తాను.

మొన్న శ్రవణ్ బండి దిగి వచ్చి నా ఎదురు బండ మీద కూలబడ్డాడు.

"అక్కా, నా కొంప ముంచినవ్," అన్నాడు. "కోరుట్లల సీస చేతికిస్తె ఎగవట్టి సూసి అడుగుతున్నరు, ఏ చెట్టు, ఎవలి చెయ్యి అని. మూతమీద రాసున్నది సదువుకోండ్రంటె నవ్వుతున్నరు. ఏం చెప్పాలె నేను?"

"అడిగింది చెప్పాలె తమ్మీ. తెల్వకుంటె తెలుసుకోవాలె."

వాడు పుల్లతో నేల గీకాడు. "గా ఇంగ్లండాయన పేరు గూడ ఎతికిన అక్కా. శానా ఎతికిన. దొరకలే."

వాడు అది వెతికాడంటే నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. పాపమనిపించింది, ఆ పేరు తెలియని మనిషి మీద, వీడి మీద కూడా. రేక మడిచి వాడి చేతికిచ్చి లొట్టి వంచబోయాను. వాడు రేక వెనక్కి తీసుకున్నాడు.

"ఏ చెట్టక్కా?"

జలపతి అవతల చెట్టు మొదట్లో కత్తి నూరుకుంటున్నాడు. వింటున్నాడని నాకు తెలుసు.

"నన్నడుగుతవేంది? ఎక్కినాయన గక్కడ్నే ఉన్నడు, ఆయన్నే అడుగు," అన్నాను.

శ్రవణ్ అటు తిరిగాడు. మండువలో ఉన్నవాళ్లంతా తిరిగారు. జలపతి కత్తి నూరడం ఆపాడు. ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని మా ఆయన లేచి నిలబడి, వాగు అవతలి ఒడ్డుకు వినపడేంత గట్టిగా చెప్పాడు.

"వాగొడ్డుది! నా చెయ్యి!"